పాత ఇంటి చోట ఫ్లాట్లు: డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?

మన పట్టణాల్లో పాత పేటలకు వెళ్ళి చూడండి. హైదరాబాదులో మల్కాజిగిరి కానివ్వండి, మెహదీపట్నం కానివ్వండి, విజయవాడలో మొగల్రాజపురం, విశాఖపట్నంలో సీతమ్మధార కానివ్వండి. ముందర జామచెట్టూ, వెనక నుయ్యీ, మధ్యన నాలుగు గదుల డాబా ఇల్లూ ఉన్న స్థలాలు ఒక్కొక్కటే మాయమై, వాటి చోట కింద కార్లు నిలిపే స్టిల్టూ, పైన నాలుగంతస్తుల ఫ్లాట్లూ లేస్తున్నాయి. ఇవన్నీ పెద్ద కంపెనీలు కట్టేవి కావు. మూడు నాలుగు వందల గజాల్లో ఒక ఇంటివాళ్ళూ ఒక బిల్డరూ కలిసి కట్టుకునే చిన్న కట్టడాలు. రేపో మాపో మీ గేటు దగ్గరకూ ఒక పెద్దమనిషి వచ్చి, “అమ్మా, సారున్నారా? ఇల్లు డెవలప్‌మెంటుకి ఇస్తారా?” అని అడుగుతాడు. ఇప్పటికే అడిగి ఉంటాడేమో కూడాను.

ఆ మాట రాగానే మన ఇళ్ళల్లో జరిగే చర్చ ఒకటే. మనకెన్ని, వాళ్ళకెన్ని? సగం సగమా, అరవై నలభయ్యా? తూర్పు ముఖం ఫ్లాటు ఎవరికి? వంటింట్లో గ్రానైటు బండ ఎంత పొడుగు? ఇవన్నీ అడగవలసినవే, కాదనను. కాని వీటన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. దాన్ని మగవాళ్ళూ అడగరు, మనమూ అడగం. “ఈ కట్టడానికి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? శ్లాబులన్నీ పడ్డాక మిగిలిన పనికి ఎక్కడినుంచి వస్తుంది?” ఇవాళ నేను చెప్పబోయేది దీని గురించే.

ముందుగా ఒక లెక్క వేసుకుందాం. సులువుకోసం గుండు అంకెలు వేస్తున్నాను, మీ ఊరి ధరలనుబట్టి మార్చుకోండి. మీకు 400 గజాల స్థలం ఉంది. మునిసిపాలిటీవారు రోడ్డు వెడల్పూ, స్థలం కొలతా చూసి స్టిల్టు మీద నాలుగంతస్తులకు అనుమతి ఇచ్చారనుకోండి. అంతస్తుకు రెండు చొప్పున ఎనిమిది ఫ్లాట్లు, ఒక్కొక్కటి 1,000 చదరపు అడుగులు. అడుగుకు 2,000 రూపాయలు వేసుకుంటే కట్టుబడికి కోటీ 60 లక్షలు. స్టిల్టు, లిఫ్టు, బోరు, సంపు, కరెంటు ట్రాన్స్‌ఫార్మరు, ప్లాను ఫీజులూ కలిపి మరో 40 లక్షలు. వెరసి రెండు కోట్లు. సగం సగం ఒప్పందమైతే బిల్డరు తన నాలుగు ఫ్లాట్లు అమ్ముకుని ఈ రెండు కోట్లూ, ఆపైన తన లాభమూ రాబట్టుకోవాలి.

మరి మీరు పెట్టేదెంత? గజం 60 వేలు వేసుకున్నా స్థలం విలువ 2 కోట్ల 40 లక్షలు. చూశారా? బిల్డరు పెట్టేదానికన్నా మీరు పెట్టేదే ఎక్కువ. పైగా అతను తన రెండు కోట్లూ రెండేళ్ళమీద కొంచెం కొంచెంగా పెడతాడు. మీరు ఇల్లు ఖాళీ చేసి తాళంచెవి ఇచ్చిన రోజునే మొత్తం పెట్టేస్తారు. “బిల్డరు మాకు నాలుగు ఫ్లాట్లు కట్టి ఇస్తున్నాడు” అని మనం పేరంటాల్లో చెప్పుకుంటాం గాని, అసలు సంగతి మనమే అతనికి వడ్డీ లేకుండా రెండేళ్ళకు అప్పిస్తున్నాం. అప్పిచ్చేవాళ్ళు ఎలాంటి ప్రశ్నలు అడుగుతారో అలాంటివి అడిగే హక్కు మనకుంది.

ఈ పద్ధతి ఎందుకు పుట్టిందో కూడా చెబుతాను. బిల్డర్లకు స్థలం కొనుక్కోవడానికి అప్పులివ్వవద్దని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చాలా ఏళ్ళుగా చెబుతూ వచ్చింది. సొంత డబ్బుతో రెండు మూడు కోట్ల స్థలం కొనగల చిన్న బిల్డరు ఎక్కడుంటాడు? అందుకని స్థలం మీది, కట్టుబడి అతనిది అనే ఏర్పాటు వచ్చింది. ఇందులో మోసమేమీ లేదు. సరిగ్గా రాసుకుంటే ఇద్దరికీ లాభమే. పింఛను మీద బతికే దంపతులకు చేతినుంచి రూపాయి పెట్టకుండా ఉండటానికి ఒక ఫ్లాటూ, అద్దెకు రెండూ, పిల్లలకు ఒకటీ రావడమంటే మాటలా?

ఇక ఆ రెండు కోట్ల సంగతి. బిల్డరు వాటిని బీరువాలో పెట్టుకుని మీ గేటు దగ్గరకు వచ్చాడనుకోకండి. కొంత అతని సొంతం, పునాదులకూ మొదటి శ్లాబుకూ సరిపోవచ్చు. ఇనుమూ సిమెంటూ కొట్టువాళ్ళ దగ్గర నెలా రెండునెలల అరువు దొరుకుతుంది. మిగిలింది ఫ్లాట్లు కొనేవాళ్ళు ఇచ్చే అడ్వాన్సుల్లోనుంచి రావాలి, లేదా వడ్డీకి తేవాలి. ఈ రెండింటి మధ్యనే కట్టడం బాగుపడటమో చెడిపోవడమో జరుగుతుంది. కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

కొనేవాళ్ళలో రెండు రకాలున్నారు. బ్యాంకు లోనుతో కొనేవాళ్ళు ఒక రకం. ఇంటి లోను డబ్బు కట్టడం ఎక్కినకొద్దీ దశలవారీగా ఇవ్వాలి గాని, ముందే మొత్తం బిల్డరు చేతిలో పోయకూడదని 2013లో రిజర్వు బ్యాంకు బ్యాంకులను గట్టిగా హెచ్చరించింది. అంటే శ్లాబు పడితే ఇంత, గోడలు లేస్తే ఇంత. మీకు ఇంతకన్నా మంచి డబ్బు లేదు, ఎందుకంటే అది పని జరిగాకనే వస్తుంది. పైగా లోను ఇచ్చేముందు బ్యాంకు లాయరు మీ స్థలం కాగితాలూ, ప్లానూ అన్నీ చూస్తాడు. కనుక బిల్డరును అడగండి: “మీరు ఇదివరకు కట్టినవాటికి ఏ బ్యాంకులు లోన్లు ఇచ్చాయి? దీనికి ఎవరిని అడగబోతున్నారు?” తడుముకోకుండా జవాబు చెప్పేవాడు కొంత నయం.

రెండో రకం, ముందే మొత్తం డబ్బు కట్టేవాళ్ళు. “ఇప్పుడే పూర్తిగా కడితే అడుగుకు వెయ్యి తక్కువ” అని ఆశ చూపిస్తారు. ఒక్కోసారి ప్లాను అనుమతి రాకముందే, గోడ లేవకముందే, స్థలంలో విడదీయని వాటా, అదే యు.డి.ఎస్. అంటారే, అది రాసిచ్చేస్తారు. బిల్డరుకు చేతినిండా డబ్బు ఆడుతుంది. ఆ డబ్బు మీ కట్టడంలోనే పడుతుందని ఎవరు చెప్పొచ్చారు? పక్క పేటలో ఆగిపోయిన ఇంకో కట్టడానికి లిఫ్టు కొనడానికి పోవచ్చు. తన నాలుగు ఫ్లాట్లూ చవగ్గా ముందే అమ్మేసుకున్నాక అతనికి అమ్ముకోవడానికి ఇంకేం మిగలదు. శ్లాబులన్నీ పడి, మనిషికి ఎముకల గూడులా కట్టడం నిలబడ్డప్పుడు చేతిలో డబ్బుండదు.

శ్లాబుల తరవాత పని చిన్నదనుకుంటాం మనం. దూరంనుంచి చూస్తే ఇల్లు అయిపోయినట్టే కనిపిస్తుంది కదా. నిజానికి ఖర్చు దాదాపు సగం అక్కడినుంచే మొదలవుతుంది. గోడలు, ప్లాస్టరింగు, తలుపులు, కిటికీలు, కరెంటు వైర్లు, నీళ్ళ గొట్టాలు, టైల్సు, రంగులు, లిఫ్టు, అన్నీ అప్పుడే. అందుకే ఆగిపోయిన చిన్న కట్టడాలను చూస్తే చాలావరకు శ్లాబులన్నీ పడి, గోడలు సగం లేచి ఆగి ఉంటాయి.

వడ్డీకి తెచ్చే డబ్బు మాట. చిన్న బిల్డర్లలో చాలామంది ఫైనాన్షియర్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. చెవికి చిన్నదిగా వినిపిస్తుంది. ఏడాదికి 24 శాతం! 50 లక్షలు తెస్తే నెలకు లక్ష రూపాయలు వడ్డీకే పోతుంది. ఆరునెలలు ఆలస్యమైతే ఆరు లక్షలు హారతి కర్పూరం. ఆ ఆరు లక్షలూ ఎక్కడినుంచి తీస్తాడు? మీ గుమ్మం చెక్కలోనుంచీ, మీ బాత్రూము గొట్టాల్లోనుంచీను. నాసిరకం పనికి కారణం బిల్డరు దుర్బుద్ధి అని తిట్టుకుంటాం గాని, చాలాసార్లు దాని వెనక ఉన్నది ఈ వడ్డీయే.

ఇక్కడే గుడ్‌విల్ సంగతి చెప్పాలి. సంతకం రోజున పదో ఇరవయ్యో లక్షలు ఇస్తామంటారు. ఇంట్లో అందరికీ ముఖాలు వెలిగిపోతాయి. ఎవరెక్కువ గుడ్‌విల్ ఇస్తే వాళ్ళకే స్థలం అన్న వేలంపాట కూడా నడుస్తుంది. ఆ ఇరవై లక్షలూ రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవే అయితే, ఇటుక పెట్టకముందే నెలకు నలభై వేల భారం మన కట్టడం నెత్తిన ఎక్కిందన్నమాట. నన్నడిగితే గుడ్‌విల్ తగ్గించుకుని, ఆ మేరకు పని నాణ్యతమీదా, గడువుమీదా బేరమాడటం మేలు. ఆడపిల్ల పెళ్ళికో, పాత అప్పుకో తప్పనిసరిగా కావాలంటే తీసుకోండి. అది తిరిగి ఇవ్వవలసిందా కాదా అన్నది మాత్రం కాగితంమీద స్పష్టంగా ఉండాలి.

తరవాతిది అసలు దస్తావేజులు. “అమ్మా, ఒరిజినల్సు మా దగ్గర ఉంటే ప్లానుకూ, కొనేవాళ్ళకు చూపించడానికీ వీలు” అంటాడు బిల్డరు. చూపించండి. కావలసినన్ని జిరాక్సు కాపీలివ్వండి. బ్యాంకువాళ్ళకు అసలువే చూపించాలంటే మీరే సంచీలో పెట్టుకుని వెళ్ళండి, మళ్ళీ సంచీలో పెట్టుకుని రండి. ఎందుకంటారా? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనే ఉంది: అప్పుకు పూచీగా అసలు దస్తావేజులను అప్పిచ్చేవారి దగ్గర ఉంచితే అది తాకట్టే. బ్యాంకుల్లో ఇంటి లోన్లు చాలావరకు ఈ పద్ధతిమీదనే నడుస్తాయి. మీరిచ్చిన అధికారపత్రంలో “తాకట్టు పెట్టుటకు, రుణము తెచ్చుటకు” అన్న నాలుగు మాటలు దొర్లి ఉండి, కాగితాలు అతని చేతిలో ఉంటే, మీ మొత్తం స్థలం అతని అప్పుకు పూచీ అయిపోయినట్టే.

మా దూరపు బంధువు ఒకావిడ, టీచరుగా రిటైరైంది, వరసకు నాకు వదినగారవుతుంది. ఆవిడ ఇల్లు ఇలాగే నాలుగు శ్లాబులు పడి ఆగిపోయింది. బిల్డరు ఇస్తానన్న ఇంటి అద్దె ఏడాది తిరక్కుండానే మానేశాడు. ఆవిడ ధైర్యంగల మనిషి. “పోనీ, నా వంతు ఫ్లాట్లు నేనే పూర్తి చేయించుకుంటాను” అని బ్యాంకుకు వెళ్ళింది. అసలు దస్తావేజులు తెమ్మన్నారు. అవి ఫైనాన్షియరు దగ్గర ఉన్నాయి. తన స్థలం, తన పేరు, తన సంతకం. తనకు అప్పు పుట్టలేదు. కాగితాలు విడిపించుకోవడానికే ఒక ఫ్లాటు ధారపోయవలసి వచ్చింది. నాలుగు రావలసినచోట మూడు వచ్చాయి, అదీ ఐదేళ్ళకు.

కాబట్టి అగ్రిమెంటులో మూడు మాటలు ఉండితీరాలి. మొదటిది, ప్లాను అనుమతి రాగానే ఎవరి ఫ్లాట్లు ఏవో నంబర్లతో సహా విడదీసి రాసుకుని, ఆ సప్లిమెంటరీ అగ్రిమెంటును కూడా రిజిస్టరు చేయించాలి. రెండోది, అధికారపత్రం బిల్డరు వాటా ఫ్లాట్లకూ, వాటికి చెందిన స్థలం వాటాకూ మాత్రమే పరిమితం కావాలి. మీ వాటాను అమ్మడానికిగాని, తాకట్టు పెట్టడానికిగాని అధికారం లేదని విడిగా రాయించండి. బిల్డరు ప్రయోజనం ముడిపడిన జి.పి.ఏ.ని తరవాత రద్దు చేసుకోవడం అనుకున్నంత తేలిక కాదు, కాంట్రాక్టుల చట్టమే అందుకు అడ్డు వస్తుంది. మూడోది చాలామంది మరిచిపోయేది: బిల్డరు తన ఫ్లాట్లను ఎప్పుడెప్పుడు అమ్ముకోవచ్చు?

దీన్ని కొంచెం వివరిస్తాను. అతని నాలుగు ఫ్లాట్లూ మొదటిరోజే అతని చేతిలో పెడితే ఏమవుతుందో పైన చూశాం. అలాగని, “మా ఫ్లాట్ల తాళాలు మాకిచ్చాకనే నువ్వు ఒక్కటైనా అమ్ముకో” అని బిగించారనుకోండి, అతనికి డబ్బు పుట్టదు. వడ్డీకి పరుగెత్తుతాడు. చివరకు మన ఇల్లే ఆగుతుంది. పట్టూ ఉండాలి, విడుపూ ఉండాలి. రెండో శ్లాబు పడ్డాక ఒకటి, శ్లాబులన్నీ పడి గోడలు లేచాక రెండోది, మీ ఫ్లాట్లకు ప్లాస్టరింగు, కరెంటు, నీళ్ళ పని పూర్తయ్యాక మూడోది, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు తెచ్చి మీ తాళాలు మీకిచ్చాక నాలుగోది అమ్ముకునేలా రాసుకోవచ్చు. లోనుతో కొనేవాళ్ళకు అగ్రిమెంటు ముందే చేసుకోనిచ్చినా, అతని చేతిలో చివరిదాకా ఒక ఫ్లాటు మిగిలి ఉండేలా చూడండి. ఆ ఒక్క ఫ్లాటుమీద ఆశే మీ పనిని పూర్తి చేయిస్తుంది.

“ఇదంతా ఎందుకండీ, రెరా చట్టం ఉందిగా?” అంటారేమో. ఉంది. 2016 చట్టం ప్రకారం నమోదైన ప్రాజెక్టులో కొనేవాళ్ళు కట్టిన డబ్బులో 70 శాతం వేరే బ్యాంకు ఖాతాలో వేసి, ఆ స్థలానికీ, కట్టడానికీ మాత్రమే వాడాలి. బంగారంలాంటి నియమం! కాని 500 చదరపు మీటర్లకు మించని స్థలంలో, ఎనిమిదికి మించని ఫ్లాట్లతో కట్టేవాటికి నమోదు అక్కరలేదు. 500 మీటర్లంటే దాదాపు 598 గజాలు. మన 400 గజాల, ఎనిమిది ఫ్లాట్ల కట్టడం ఆ గొడుగు కిందకు రాదన్నమాట. చట్టం మనకోసం రాయని మాటను మనమే అగ్రిమెంటులో రాసుకోవాలి. ఈ కట్టడానికి విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరవాలని, కొనేవాళ్ళ డబ్బంతా అందులోనే పడాలని, నెలనెలా దాని స్టేట్‌మెంటు మీకివ్వాలని. కిరాణా కొట్టు పద్దు నెలాఖరుకు అణా పైసలతో సరిచూసే మనకు ఈ స్టేట్‌మెంటు చదవడం ఒక లెక్కా? ఇనుముకొట్టుకు ఎంత పోయింది, లిఫ్టు కంపెనీకి ఎంత పోయింది, ఊరూ పేరూ లేని ఖాతాకు ఎంత పోయింది, రెండు నెలలు చూస్తే మీకే తెలిసిపోతుంది.

మునిసిపాలిటీ తాకట్టు ఇంకొకటుంది. ప్లానుకు విరుద్ధంగా కట్టకుండా పూచీకోసం కట్టడంలో పదోవంతు తమకు తాకట్టు పెట్టించుకుని, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు ఇచ్చేటప్పుడు విడుదల చేసే పద్ధతి ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నియమాల్లో ఉంది. మీ ఊళ్ళో ఇప్పుడెలా ఉందో మునిసిపల్ ఆఫీసులో అడగండి. మన లెక్కలో పదోవంతంటే 800 అడుగులు, కొంచెం తక్కువగా ఒక ఫ్లాటు. అది ఎవరి వాటాలోనుంచి పోవాలి? అడక్కపోతే తప్పకుండా మీ వాటాలోదే పెడతారు. ప్లానుకు మించి అంగుళం జరిపి కట్టేది బిల్డరు గనుక పూచీ కూడా అతని వాటాలోనుంచే ఉండాలి.

సంతకాల విషయంలో ఒక్కమాట. స్థలం మామగారి తాలూకు ఉమ్మడి ఆస్తి అయితే ఆడపడుచుల సంతకం తప్పదు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సవరణతోనే కూతుళ్ళకు, ఆనాటికి పెళ్ళికానివారికి, కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. 2005లో దేశమంతటికీ, పెళ్ళయినవారికి కూడా వచ్చింది. 2020లో సుప్రీంకోర్టు దాన్ని మరింత ఖాయం చేసింది. ఆడపడుచును పిలిచి పసుపుకుంకాలు పెట్టి పంపిస్తే చాలదు, ఆవిడ వాటా ఏమిటో మాట్లాడుకోవాలి. లేకపోతే కొనేవాళ్ళ బ్యాంకు లాయరు అక్కడే ఆపేస్తాడు, లోన్లు రావు, కట్టడం ఆగుతుంది. న్యాయం సంగతి అలా ఉంచినా, డబ్బు రాకపోవడానికి ఇదొక పెద్ద కారణం. ఇక స్థలం మీ పేరనే ఉంటే, “ఇక్కడో సంతకం పెట్టమ్మా” అని సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో వేలు చూపించిన చోటల్లా పెట్టకండి. కాగితాల నకలు వారంరోజులు ముందు ఇంటికి తెప్పించుకోండి. మధ్యాహ్నం పనయ్యాక కూర్చుని చదవండి. తెలియని మాట కింద గీత గీసి మీ సొంత లాయరును అడగండి. బిల్డరు తెచ్చిన లాయరు అతని లాయరే.

అసలు బిల్డరే లేకుండా మనమే కట్టుకోలేమా? ఓపికా, దగ్గరుండి చూసేవాళ్ళూ ఉంటే కట్టుకోవచ్చు. కాని అంతా ఒకేసారి అనుకోకండి. రెండు కోట్ల లోను రిటైరైనవాళ్ళకు ఎవరిస్తారు? బ్యాంకు స్థలం విలువకన్నా నెలసరి రాబడి చూస్తుంది. ప్లాను మొత్తానికి తీసుకుని, పునాదులు నాలుగంతస్తులకు తగ్గట్టే వేసి, ముందు స్టిల్టూ రెండంతస్తులూ కడితే సుమారు కోటి రూపాయల పని. గ్రాట్యుటీ, ఊళ్ళో పొలం అమ్మిన డబ్బూ కలిపి 40 లక్షలు మీవి, 60 లక్షలు లోను అనుకుందాం. వడ్డీ ఎనిమిదిన్నర శాతం, గడువు 20 ఏళ్ళయితే లక్షకు నెలకు 868 రూపాయల చొప్పున కిస్తీ సుమారు 52 వేలు. ఒక ఫ్లాటులో మీరుండి మిగతా మూడూ 18 వేల చొప్పున అద్దెకిస్తే 54 వేలు వస్తాయి. సరికి సరి. ఒక ఫ్లాటు రెండు నెలలు ఖాళీగా ఉన్నా మీ చేతి డబ్బు పడుతుంది, అది మనసులో పెట్టుకోండి. వయసు మీరినవారికి 20 ఏళ్ళ గడువు దొరకదు గనుక ఉద్యోగంలో ఉన్న కొడుకునో కూతురునో కూడా లోనులో చేర్చవలసి వస్తుంది. అద్దెకిచ్చే ఇళ్ళకు దాన్ని ఏ రకం లోనుగా చూస్తారో, వడ్డీ ఏమైనా మారుతుందో కూడా బ్యాంకులో ముందే అడగండి. పైన రెండంతస్తులు తరవాత కట్టేటప్పుడు ప్లాను అనుమతికి గడువుంటుందని మరవకండి.

ఈ దారిలో నాకు నచ్చినవి ఇవి. డబ్బు దశలవారీగా వస్తుంది గనుక, కట్టేరోజుల్లో తీసుకున్నంతవరకే వడ్డీ. మారే వడ్డీమీద ఇచ్చిన ఇంటి లోను ముందే తీర్చేస్తే జుల్మానా లేదు, 2012లోనే తీసేశారు. అప్పు తీరాక 30 రోజుల్లో అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలి. తమ తప్పువల్ల ఆలస్యం చేస్తే బ్యాంకే రోజుకు 5,000 రూపాయలు మీకు కట్టాలని 2023లో రిజర్వు బ్యాంకు శాసించింది. ఏ ఫైనాన్షియరు ఇస్తాడండీ అలాంటి హామీ? నచ్చనిది కూడా చెప్పాలి. మేస్త్రీ రాని రోజులూ, ఇసుక లారీ అర్ధరాత్రి వచ్చే రోజులూ అన్నీ మీ నెత్తినే.

చివరకు పన్నులు. బిల్డరుకు సగం స్థలం ఇచ్చి ఫ్లాట్లు తీసుకోవడమంటే చట్టం దృష్టిలో స్థలం అమ్మడమే. ఇదివరకు ఇల్లు అప్పగించిన సంవత్సరంలోనే లాభంమీద పన్ను కట్టమనేవారు. చేతిలో ఫ్లాటూ లేదు, డబ్బూ లేదు, నోటీసు మాత్రం వచ్చేది. 2017 ఆర్థిక చట్టం దాన్ని మార్చింది. వ్యక్తులూ, హిందూ ఉమ్మడి కుటుంబాలూ అగ్రిమెంటును రిజిస్టరు చేయించుకుంటే, కట్టడం పూర్తయినట్టు సర్టిఫికెట్టు వచ్చిన సంవత్సరంలో పన్ను కట్టవచ్చు. నూరు రూపాయల స్టాంపు కాగితంమీద రాసుకుని ఊరుకున్నవారికి ఈ సదుపాయం లేదు. సర్టిఫికెట్టు రాకముందే మీ ఫ్లాట్లలో ఒకటి అమ్మితే, దాని మేరకు పన్ను ఆ ఏడే పడుతుంది.

రేటు కూడా మారింది. 2024 జూలై 23 నుంచి స్థలాలమీద దీర్ఘకాలిక లాభానికి పన్నెండున్నర శాతం. అంతకుముందే కొన్న స్థలానికి ధరల పెరుగుదల లెక్క తీసేసి 20 శాతం కట్టే పాత పద్ధతిలో తక్కువ పడితే అది. మీరుండబోయే ఇంటికి కొంత మినహాయింపు ఉంది గాని, వచ్చిన నాలుగు ఫ్లాట్లకూ ఉందనుకోకండి. జి.ఎస్.టి. మరో చోట కూర్చుంటుంది. కట్టడం పూర్తి కాకముందు అమ్మే మామూలు ఫ్లాట్లకు 2019 ఏప్రిల్ నుంచి 5 శాతం. మీ వాటాకు కట్టి ఇచ్చే పనిమీద కూడా బిల్డరు అది కట్టాలి. కట్టి, “అమ్మా, ఇది మీరు ఇవ్వాలి” అని తాళాలిచ్చే రోజున మీ ముందు బిల్లు పెడతాడు. ఎవరు భరించాలన్నది ముందే రాసుకుంటే ఆ రోజున గృహప్రవేశం పాలు పొంగించుకోవచ్చు, లేకపోతే గుమ్మంలో తగువు. నాలుగు ఫ్లాట్లు వచ్చాయన్న సంతోషంలో, పన్ను కట్టడానికి నగదు రాలేదన్న సంగతి మరిచిపోతాం. అందుకు ఒక ఫ్లాటు అమ్మాలా, గుడ్‌విల్ సొమ్ము దాచి ఉంచాలా అన్నది ఆడిటరుతో కూర్చుని తేల్చుకోండి. అగ్రిమెంటు ముసాయిదాను ఆయనకు సంతకానికి ముందే చూపించండి.